ట్యాంకు కట్టిస్తే సగం పనే అయింది

పోయిన ఆదివారం మామయ్య ఫోన్ చేసి, "పశువుల పేడకి మళ్లీ గ్రాంటు ఇస్తున్నారంటరా, ఫారం నింపిపెడుదువు గాని ఒకసారి రా" అన్నాడు. వెళ్లాను. ఆయనకి నలభై పాడి ఆవులున్నాయి, కొట్టం వెనకే వాగు. ఫారం చాలా పెద్దది. ట్యాంకు ఎంత లోతు, గోడ ఎంత మందం, పైన మూత వేస్తున్నారా లేదా, ఎన్ని కొటేషన్లు తెచ్చారు, కట్టకముందు ఫొటో, కట్టాక ఫొటో... అన్నిటికీ గడులున్నాయి. ట్యాంకులో చేరిన పేడనీళ్లు తర్వాత ఏ పొలానికి పోతాయి, ఏ నెలలో పోతాయి, ఆ పొలం మట్టిలో ఇప్పటికే భాస్వరం ఎంత పేరుకుని ఉంది అని అడిగే గడి మాత్రం ఒక్కటీ కనపడలేదు. వెనక పేజీలు కూడా తిప్పి చూశాను. లేదు.

అప్పటినుంచి నా బుర్రలో ఇదే తిరుగుతోంది. రైతులకి ఇలాంటి గ్రాంట్లు ఇవ్వాలనే నేను గట్టిగా నమ్ముతాను, ఇవ్వకూడదనే వాళ్లతో చాలాసార్లు గొడవపడ్డాను కూడా. కానీ ఆ డబ్బు ట్యాంకు గోడ దగ్గరే ఆగిపోతే నీళ్లు బాగుపడవు. పేడ ఎక్కడిదాకా పోతుందో డబ్బు కూడా అక్కడిదాకా పోవాలి, కట్టడం పూర్తయ్యాక కూడా కొన్నేళ్లపాటు అందుతూ ఉండాలి. ఎందుకలా అనుకుంటున్నానో, ఆ అనుకోవడంలో నాకున్న అనుమానాలేమిటో రాసుకుందామని కూర్చున్నాను.

వాగు నల్లబడిన రోజు

మామయ్యకి మొదటిసారి గ్రాంటు వచ్చి ఆరేళ్లు దాటింది. అంతకుముందు పేడంతా కొట్టం వెనక కుప్పగా ఉండేది. వాన పడితే ఆ కుప్ప అడుగునుంచి గోధుమరంగు నీళ్లు సన్నటి పాయలుగా కారి వాగులో కలిసేవి. గ్రాంటుతో కాంక్రీటు ట్యాంకు కట్టించాడు. అధికారులు వచ్చి టేపు పెట్టి కొలిచారు, ఫొటోలు తీసుకున్నారు, డబ్బు విడుదలైంది. ఆ తర్వాత ఎవరూ రాలేదు. మూడేళ్లు బాగానే గడిచింది.

నాలుగో ఏడు వానలు ఆగకుండా పడ్డాయి. ఆ వారం నేను అక్కడే ఉన్నాను. పేడనీళ్లు ట్యాంకు అంచుకి జానెడు కిందదాకా వచ్చేశాయి. మామయ్య గోడ మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, "ఇది పొంగితే తిన్నగా వాగులోకే పోద్ది. పొలంలో పోస్తే కొంతన్నా మట్టి పీల్చుకుంటది కదరా" అన్నాడు. నాకేం చెప్పాలో తెలియలేదు. అప్పటికే నానిపోయి, అడుగేస్తే చెప్పు దిగబడిపోయే పొలంలో ఆ సాయంత్రం ట్రాక్టరు ట్యాంకరుతో నాలుగు ట్రిప్పులు పోశాడు. రాత్రి మళ్లీ వాన. తెల్లారి చూస్తే వాగు నల్లటి తుప్పునీళ్ల రంగులో ఉంది, రాళ్ల చుట్టూ నురగ కట్టింది. వేలెడంత చేపపిల్లలు ఒడ్డుకి చేరి, నోళ్లు నీటిపైకి పెట్టి తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. మధ్యాహ్నానికి తెల్లటి పొట్టలు పైకి వేసుకుని తేలాయి. మామయ్య చాలాసేపు గట్టు మీదే కూర్చుండిపోయాడు.

ఆ సాయంత్రం కొట్టం చుట్టూ తిరుగుతుంటే ఇంకోటి కనపడింది. రేకుల మీద పడ్డ వాననీళ్లని పట్టి పక్కకి తీసుకుపోయే చూరు గొట్టం విరిగిపోయి ఉంది. ఆ నీళ్లన్నీ వాకిట్లో పడుతున్నాయి, వాకిలి వాలు ట్యాంకు వైపు. అంటే ఆకాశం నుంచి శుభ్రంగా పడ్డ నీళ్లు పేడలో కలిసి, పేడనీళ్లయిపోయి ట్యాంకుని నింపుతున్నాయి. లెక్క వేసి చూశాను. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. కప్పూ వాకిలీ కలిపి వెయ్యి చదరపు మీటర్లుంటే, 500 మిల్లీమీటర్ల వానకి 5 లక్షల లీటర్లు. ఒక పాడి ఆవు పేడా మూత్రం కలిపి రోజుకి సుమారు 50 లీటర్లు అనుకుందాం, నలభై ఆవులకి 2 వేల లీటర్లు. అంటే ఆ వాననీళ్లొక్కటే 250 రోజుల పేడ పట్టే చోటుని మింగేస్తాయి. గొట్టం మార్చడం ఒక పూట పని. మామయ్యకి వచ్చిన గ్రాంటు జాబితాలో ట్యాంకు ఉంది, గొట్టం లేదు.

ట్యాంకు ఇచ్చేది గడువు మాత్రమే

పేడనీళ్లు ట్యాంకులో ఉన్నంత మాత్రాన శుభ్రం కావు. మూత లేకపోతే నత్రజనిలో కొంత అమోనియాగా గాలిలోకి పోతుంది, తక్కినది చాలావరకు అందులోనే ఉంటుంది. నేల నానిపోయిన రోజుల్లో, గడ్డకట్టిన రోజుల్లో, పీల్చుకోవడానికి పైరే లేని రోజుల్లో పొలంలో పోయకుండా ఆగగలిగే గడువు మాత్రమే ట్యాంకు ఇస్తుంది. ఆ గడువుని సరిగ్గా వాడుకుంటేనే వాగు బతుకుతుంది. లేకపోతే రోజూ కొంచెం కొంచెంగా కారేది ఒక్క రాత్రిలో కారుతుంది. మా వాగులో జరిగింది అదే.

ఆ చేపలు విషం వల్ల చచ్చిపోయాయని చాలామంది అనుకుంటారు. అమోనియా కూడా హాని చేస్తుంది, నిజమే, కానీ ముందు చంపేది ఊపిరాడకపోవడం. పేడనీళ్లు కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నీటిలో కరిగివున్న ఆక్సిజన్ని లాగేస్తాయి. ఎంత లాగుతాయో చెప్పే కొలత బీఓడీ. ఇళ్లనుంచి వచ్చే పచ్చి మురుగులో అది లీటరుకి 300, 400 మిల్లీగ్రాములుంటే, పశువుల పేడనీళ్లలో 10 వేల నుంచి 30 వేల దాకా ఉంటుంది. పాతరలో ఊరబెట్టిన పచ్చిగడ్డి నుంచి కారే రసంలో అంతకంటే ఎక్కువ. పాలలో అయితే 1,40,000 దాకా. చెడిపోయిన పాలు కాలువలో పారబోసేవాళ్లకి ఈ సంగతి తెలిస్తే చెయ్యి ఆగుతుంది.

అందుకే చాలాచోట్ల రూల్సు నెలల్లో మాట్లాడతాయి. ఇంగ్లండులో చట్టం ప్రకారం నాలుగు నెలల పేడనీళ్లు పట్టే చోటు ఉండాలి. 2022 చివర్లో అక్కడ మొదలైన పేడనీళ్ల ట్యాంకుల గ్రాంటు ఆవులకి ఆరు నెలలు, పందులకి ఎనిమిది నెలల చోటు కట్టుకోమంది, మూత తప్పనిసరి చేసింది, ఖర్చులో సగం ఇస్తానంది. డెన్మార్కులో చాలా ఫారాలకి తొమ్మిది నెలల చోటు కావాలి. మంచిదే. కానీ తొమ్మిది నెలల ట్యాంకు కూడా పదో నెలలో నిండుతుంది, ఆ రోజు పొలం ఎలా ఉందన్నదే ప్రశ్న.

ఇంకో చిక్కు బరువు. పేడనీళ్లలో నూటికి తొంభై పాళ్లు నీళ్లే. అంత నీటిని ట్యాంకరులో నింపుకుని దూరం పోతే, అందులో ఉన్న ఎరువు విలువ డీజిలుకే చాలదు. కాబట్టి ఏ రైతయినా కొట్టానికి దగ్గరగా ఉన్న పొలంలోనే పోస్తాడు. ఏటా అదే పొలం. పైరుకి కావలసిన నత్రజని లెక్క చూసుకుని పేడ వేసినా, దాంతోపాటు భాస్వరం అవసరానికి మించి పడుతుంది, ఎందుకంటే పేడలో ఆ రెండూ పైరు అడిగే పాళ్లలో ఉండవు. నత్రజని నైట్రేట్‌గా మారి భూగర్భ జలాల్లోకి దిగిపోతుంది. భాస్వరం మట్టిని పట్టుకుని పదేళ్లు, ఇరవయ్యేళ్లు అక్కడే ఉండి, మట్టి కొట్టుకుపోయినప్పుడల్లా చెరువుకో సరస్సుకో చేరి నాచుని పెంచుతుంది. దూరంగా పేడ అవసరమున్న రైతు ఒకడుంటాడు, దగ్గర్లో పేడ ఎక్కువైపోయిన రైతు ఒకడుంటాడు, వాళ్లిద్దరి మధ్య రవాణా ఖర్చు భరించే గ్రాంటు ఎంత అరుదో చూడండి. పేడని వడగట్టి గట్టి భాగాన్ని వేరు చేసే యంత్రానికైనా ఇవ్వచ్చు. అలా చేస్తే భాస్వరంలో కొంత ఆ గట్టి పేడతోనే దూరం ప్రయాణం చేస్తుంది.

తప్పు చేయని రైతు

ఈ విషయంలో నేను ఎప్పుడూ గుర్తుచేసుకునేది కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని వాకర్టన్ అనే చిన్న ఊరి సంగతి. 2000 మే నెలలో అక్కడ భారీ వానలు పడ్డాయి. ఊరికి నీళ్లిచ్చే ఒక లోతు తక్కువ బావి పక్కన పశువుల ఫారం ఉంది. పొలంలో వేసిన పేడలోని ఈ.కోలి ఓ157 బాక్టీరియా ఆ బావిలోకి దిగింది. సుమారు 5 వేల జనాభా ఉన్న ఆ ఊళ్లో 2,300 మంది దాకా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. నీటి సరఫరా చూసేవాళ్లు క్లోరిన్ సరిగ్గా కలపలేదు, పరీక్షల రికార్డులు తప్పుగా రాశారు. అవన్నీ విచారణలో బయటపడ్డాయి. ఆ విచారణ చేసిన జడ్జి డెన్నిస్ ఓకానర్ రైతు గురించి ఏమన్నారన్నది నాకు ముఖ్యం. ఆ రైతు అప్పటికి అందరూ మంచివని ఒప్పుకున్న పద్ధతుల్నే పాటించాడు, ఆయన్ని తప్పుపట్టాల్సిన పని లేదని తేల్చారు.

ఇది చదివినప్పుడు నాకు గట్టు మీద కూర్చున్న మామయ్యే గుర్తొచ్చాడు. వాకర్టన్ రైతు పద్ధతి తప్పకుండా చేసినా పేడ బావిలోకి చేరింది. ఎందుకంటే ఆ బావి ఎంత లోతులో ఉంది, దాని మీద మట్టి ఎంత పల్చగా ఉంది, పేడ వేసిన చోటునుంచి అది ఎంత దూరం అన్నది రైతు ఒక్కడు చూసుకునే సంగతి కాదు. అది ఊరంతా, ప్రభుత్వమంతా చూడాల్సిన సంగతి. 2002లో ఒంటారియో పేడ, ఎరువుల నిర్వహణకి కొత్త చట్టం తెచ్చింది. ఏడు ప్రాణాలు పోయాక.

"వాళ్ల మురికికి మన డబ్బెందుకు?"

నా స్నేహితుడొకడు ఈ ప్రశ్నతోనే ప్రతిసారీ నా నోరు మూయించాలని చూస్తాడు. ఫ్యాక్టరీ వాడు కాలుష్యం చేస్తే జరిమానా వేస్తాం, రైతు చేస్తే గ్రాంటు ఇస్తాం, ఇదేం న్యాయం అంటాడు. ఈ వాదన నాకు తేలిగ్గా కొట్టిపారేయాలనిపించదు. అందులో బలం ఉంది. ముఖ్యంగా వేల పశువులున్న పెద్ద కంపెనీ ఫారాల విషయంలో నేను వాడి పక్షమే. లాభం ఆ స్థాయిలో ఉన్నప్పుడు పేడ ఖర్చు కూడా వ్యాపారం ఖర్చే.

నలభై ఆవుల రైతు దగ్గరకి వచ్చేసరికి లెక్క మారుతుంది. ఫ్యాక్టరీ తన ఖర్చుని సరుకు ధర మీద వేసుకోగలదు. పాల ధర రైతు చేతిలో ఉండదు, కొనేవాడు చెప్పిన ధరకి పోయాలి. పాలు మర్నాటిదాకా ఆగవు. జరిమానా వేస్తే కట్టలేక పశువుల్ని అమ్ముకుంటాడు, ఆ పశువులు ఇంకో పెద్ద ఫారానికి పోతాయి, పేడ అంతా ఒకేచోట పోగవుతుంది. వాగుకి ఒరిగేదేమీ ఉండదు.

పైగా మనం గ్రాంటు ఇవ్వకపోతే డబ్బు మిగులుతుందా? మిగలదు, ఇంకో రూపంలో కడతాం. నైట్రేట్ ఎక్కువైన నీళ్లు పసిపిల్లల రక్తంలో ఆక్సిజన్ తిరగనివ్వవు కాబట్టి లీటరుకి 50 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ హద్దు లోపలికి తేవాలంటే నీళ్లిచ్చే సంస్థ యంత్రాలు పెట్టాలి, ఆ ఖర్చు నీళ్ల బిల్లులోకి వస్తుంది. అమెరికాలో అయోవా రాష్ట్రంలోని డెమోయిన్ నగర నీటి సంస్థ ఇది భరించలేక 2015లో ఎగువనున్న మూడు కౌంటీల్లో పొలాల నీళ్లని బయటికి పంపే కాలువలు చూసే డ్రైనేజీ జిల్లాల మీద కోర్టుకి వెళ్లింది. 2017లో కేసు కొట్టేశారు. నీళ్లు తాగేవాళ్లు నైట్రేట్ తీయడానికి డబ్బు కడుతూనే ఉన్నారు. 2014 ఆగస్టులో ఒహాయో రాష్ట్రంలోని టొలీడో నగరంలో ఈరీ సరస్సు నాచు విషం కుళాయిల్లోకి రావడంతో సుమారు 5 లక్షల మందిని మూడు రోజులపాటు కుళాయి నీళ్లు తాగొద్దన్నారు, కాచినా పోని విషం అది. ఆ సరస్సులోకి భాస్వరం పొలాలనుంచే ఎక్కువగా వస్తుంది. అందులో పేడకంటే రసాయన ఎరువుల వాటానే పెద్దది, అది కూడా చెప్పుకోవాలి, నెపమంతా పశువుల మీదకి నెట్టడం నాకిష్టం లేదు. 2019లో ఒహాయో గవర్నర్ మైక్ డివైన్ మొదలుపెట్టిన హెచ్2ఒహాయో పథకంలో నాకు నచ్చింది, రైతుకి పొలంలో చేసే పనికి డబ్బివ్వడం. మట్టి పరీక్ష చేయించి దాని ప్రకారమే ఎరువు వేస్తే ఇంత, పేడని పైపైన చల్లి వదిలేయకుండా మట్టిలో కలిపితే ఇంత.

తాగేవాళ్లే కట్టిన డబ్బు

నా వాదనకి అన్నిటికంటే పెద్ద దన్ను న్యూయార్క్ నగరం. ఆ నగరానికి నీళ్లలో ఎక్కువ భాగం దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న క్యాట్స్‌కిల్ కొండల నుంచి, డెలావేర్ నది ఎగువ ప్రాంతం నుంచి వస్తాయి. అక్కడ పాడి రైతులున్నారు. 1989లో అమెరికా ప్రభుత్వం ఉపరితల జలాలని, ఎగువనే శుభ్రంగా ఉంచగలమని చూపిస్తే తప్ప, వడపోయాలని రూలు పెట్టింది. వడపోత ప్లాంటు కడితే 600 నుంచి 800 కోట్ల డాలర్లవుతుందని అంచనా వేశారు. నగరం ముందు చేసింది కఠినమైన నిబంధనలు రాయడం. కొండల్లోని రైతులు మండిపడ్డారు. తర్వాత ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చారు. ఖర్చంతా నగరం పెడుతుంది, రైతు చేరడం ఇష్టపూర్వకం, కానీ ఐదేళ్లలో అక్కడి వ్యాపార ఫారాల్లో 85 శాతం చేరాలి. ఆ పని నడపడానికి 1993లో రైతులే ముందుండే ఒక మండలి ఏర్పడింది. అనుకున్నదానికంటే ఎక్కువమందే చేరారు.

అక్కడ వాళ్లు ట్యాంకుతో మొదలుపెట్టలేదు. మనిషి వెళ్లి ఫారమంతా నడిచి చూశాడు. నీళ్ల ద్వారా మనుషులకి విరేచనాలు తెచ్చే క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవులు చిన్న దూడల్లో ఎక్కువ కాబట్టి కొన్నిచోట్ల ముందు చేసింది దూడల్ని పొడిగా వెలుతురు తగిలేచోటికి మార్చడం. ఇంకోచోట వాగు గట్టున కంచె. ఇంకోచోట వాననీళ్ల దారి మళ్లించడం. ప్రతి ఫారానికీ దాని ప్లాను దానిదే, కట్టాక మళ్లీ మళ్లీ వచ్చి చూస్తారు, చెడిపోయినవి బాగుచేస్తారు. ముప్పై ఏళ్లు దాటినా నగరం ఆ నీళ్లకి వడపోత ప్లాంటు లేకుండానే నడుపుకొస్తోంది. ఇలాంటి పథకం మామయ్యకి దొరికుంటే ఆ విరిగిన గొట్టాన్ని మొదటి రోజే ఎవరో చూసేవారు.

ఇది అన్నిచోట్లా జరగదు, నాకు తెలుసు. అక్కడ దిగువన డబ్బున్న మహానగరం ఉంది, తప్పించుకోవాల్సిన ప్లాంటు ఖర్చు కళ్లముందుంది. చాలా వాగుల దిగువన అలాంటి నగరమేమీ ఉండదు, చేపలు తప్ప. అలాంటి చోట తాగేవాళ్ల స్థానంలో ప్రభుత్వం నిలబడాలి, గ్రాంటు అంటే అదే.

రూలు లేకపోతే గ్రాంటు పనిచేస్తుందా

ఇక్కడ నాకొక అనుమానం చాలాకాలం ఉండేది. ఇష్టమైతే చేరండి అంటే, పేడ సరిగ్గా చూసుకునే రైతులే ముందు చేరతారు. అసలు చేరాల్సినవాడు చేరడు. డెన్మార్కు సంగతి చదివాక ఈ అనుమానం కొంత తీరింది. 1986 శరదృతువులో కాటెగాట్ సముద్రంలో ఆక్సిజన్ లేక చచ్చిపోయిన లాబ్‌స్టర్లని (పెద్ద రొయ్యల్లాంటివి) జాలర్లు పైకి తెచ్చారు, టీవీలో దేశమంతా చూసింది. మరుసటి ఏడాది పార్లమెంటు నత్రజని కాలుష్యాన్ని సగానికి, భాస్వరం కాలుష్యాన్ని 80 శాతం తగ్గించాలని ప్లాను పెట్టుకుంది. పేడ నిల్వకి ఇన్ని నెలల చోటు ఉండాలన్నారు, పైరు లేని కాలంలో చల్లొద్దన్నారు, ప్రతి ఫారం ఎరువు లెక్క రాసి చూపించాలన్నారు, దాంతోపాటు ట్యాంకులకి సాయమూ చేశారు. 1990 నుంచి చూస్తే సముద్రంలోకి పోయే నత్రజని దాదాపు సగమైంది. దానికి ఇరవయ్యేళ్లకి పైనే పట్టింది, గొడవలు ఇప్పటికీ తీరలేదు.

కాబట్టి రూలూ డబ్బూ రెండూ ఒకేసారి రావాలన్నది నా అభిప్రాయం. ముందు రూలు మాత్రమే వస్తే చిన్నవాడు మునుగుతాడు. డబ్బు మాత్రమే వస్తే కట్టడాలు లేస్తాయి, అలవాట్లు మారవు. ఇరవయ్యేళ్లు పట్టడమన్నదే ప్రభుత్వాలకి మింగుడుపడని విషయం. ట్యాంకు ఆరు నెలల్లో లేస్తుంది, రిబ్బను కట్ చేయొచ్చు. నీటిలో నైట్రేట్ తగ్గిందని చెప్పాలంటే రెండు మూడు ప్రభుత్వాలు మారాలి.

మన దేశంలో గోబర్ గ్యాస్‌కి జరిగింది కూడా ఇదే. 1981-82లో జాతీయ పథకం మొదలైంది, తర్వాతి దశాబ్దాల్లో 50 లక్షల దాకా ఇంటి ప్లాంట్లు కట్టారు. సబ్సిడీ కట్టేటప్పుడు ఇచ్చారు. డోము పగిలితే, గొట్టం పూడిపోతే, ఇంట్లో పశువులు తగ్గిపోతే అడిగే దిక్కు చాలా చోట్ల లేకపోయింది. ఎన్ని ప్లాంట్లు మట్టి కప్పుకుని ఆగిపోయాయో చూసినవాళ్లకి తెలుసు.

డబ్బు ఎవరికి అందుతోంది

చాలా గ్రాంట్లు ముందు మీరు ఖర్చుపెట్టండి, బిల్లులు చూపిస్తే తర్వాత ఇస్తామంటాయి. బ్యాంకులో డబ్బో అప్పిచ్చేవాడో ఉన్న రైతుకే ఇది సాధ్యం. ఇంగ్లండు గ్రాంటులో కనీస మొత్తం 25 వేల పౌండ్లుగా పెట్టారు, అంటే ఇంకో 25 వేలు రైతు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఐదు వేలతో సమస్య తీరిపోయే చిన్న రైతుకి అందులో చోటే లేకపోయింది. అమెరికాలో 1996లో మొదలైన ఈక్విప్ పథకం మొదట్లో పెద్ద పశువుల ఫారాలకి పేడ కట్టడాల కోసం డబ్బివ్వకూడదంది. 2002లో ఆ అడ్డు తీసేసి, ఒక్కొక్కరికి 4,50,000 డాలర్ల దాకా ఇవ్వచ్చన్నారు. పథకం డబ్బులో 60 శాతం పశుపోషణకే కేటాయించారు, 2018లో దాన్ని 50 చేశారు. పెద్ద ఫారంలో పేడ ఎక్కువ, కాబట్టి అక్కడ పెట్టిన ప్రతి డాలరుకీ ఎక్కువ కాలుష్యం ఆగుతుందని దాన్ని సమర్థించేవాళ్లు అంటారు. లెక్క ప్రకారం కాదనలేను. కానీ ఆ డబ్బుతో ట్యాంకు పెద్దదయ్యాక పశువుల్ని కూడా పెంచుకుంటే ఆగిన కాలుష్యం ఎంత? మామయ్య కూడా మొదటి ట్యాంకు కట్టాక మరో పది ఆవులు కొన్నాడు. ట్యాంకు ముప్పై ఆవుల లెక్కన కట్టింది. అది నిండిపోవడంలో ఆ పదింటికి కూడా భాగముంది, ఆయనే ఒప్పుకుంటాడు. గ్రాంటు తీసుకున్నాక ఇన్నేళ్లదాకా పశువుల్ని పెంచకూడదని షరతు పెట్టడం కఠినమేమీ కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. కొన్నిచోట్ల అసలు ట్యాంకు కట్టడమే తప్పు. అమెరికాలో నార్త్ కరోలినాలో పందుల పేడ పెద్దపెద్ద మట్టి మడుగుల్లో నిలవ చేస్తారు. 1995 జూన్‌లో ఒక మడుగు గట్టు తెగి 9 కోట్ల లీటర్లకు పైగా మురికి న్యూ రివర్‌లోకి పోయింది. 1999లో ఫ్లాయిడ్ తుఫానుకి వరద ప్రాంతంలోని మడుగులు నీట మునిగాయి. ఆ తర్వాత ఆ రాష్ట్రం చేసిన మంచి పని, వరద ముంపులో ఉన్న 40కి పైగా పందుల ఫారాలకి పరిహారమిచ్చి మూయించడం, మడుగుల్ని పూడ్చడం. భూమి రైతుదే, పైరు వేసుకోవచ్చు, అక్కడ మళ్లీ పందుల్ని పెంచకూడదు, అంతే. ఇంత సూటిగా పనిచేసిన గ్రాంటు నాకు ఇంకోటి తట్టడం లేదు. కట్టమని డబ్బిచ్చినట్టే కొన్నిచోట్ల వద్దని కూడా డబ్బివ్వాలి.

మళ్లీ ఫారం దగ్గరికి

ఆదివారం సాయంత్రం దాకా ఆ ఫారంతోనే కూర్చున్నాం. మామయ్య రెండో ట్యాంకు కావాలన్నాడు. ముందు గొట్టం సంగతి చూద్దామన్నాను. "దానికి వాళ్లు డబ్బియ్యరు కదరా" అన్నాడు. నిజమే. అయినా గొట్టం మా ఇద్దరి డబ్బుతో ఈ వారమే మార్పిస్తున్నాం. ఫారం చివర "ఇతర వివరాలు" అని మూడు గీతలున్నాయి. అక్కడ సరిపోక ఒక కాగితం జతచేశాం. వాననీళ్లు వేరు చేస్తే ట్యాంకులో ఎన్ని రోజుల చోటు మిగులుతుందో లెక్క రాశాం. పేడ ఏ ఏ పొలాలకి ఏ నెలల్లో పోస్తామో రాశాం, ఆ పొలాల మట్టి పరీక్షలకి, ఏడాదికి రెండుసార్లు ఒక మనిషి వచ్చి చూసివెళ్లడానికి ఖర్చు ఇవ్వమని అడిగాం. ఆమోదిస్తారో లేదో తెలీదు.

చీకటి పడుతుంటే మామయ్య ఒక పొడుగాటి వెదురుగడ తెచ్చి ట్యాంకులో నిలువుగా దించి, పైకి తీసి, తడి ఎక్కడిదాకా వచ్చిందో బొటనవేలితో పట్టుకుని చూపించాడు. పైనుంచి మూడు మూరల కింద ఎర్ర పెయింటుతో గీత గీసి ఉంది. వాగు నల్లబడిన ఏడు తనే గీసుకున్నాడట, తడి అక్కడికి వస్తే ఇక వాన వచ్చేదాకా ఆగకుండా ఎండ ఉన్నప్పుడే పొలానికి పోసెయ్యాలని. తడి ఆ గీతకి రెండు జానలు కింద ఉంది. గడ కడిగి గోడకి ఆనించి, "వచ్చే వారం ఆకాశం ఎట్లా ఉంటదో ఫోన్లో చూసి చెప్పు" అన్నాడు.